ఇంటింటికీ పోయి వాపసు

గుడిమల్కాపూర్ మార్కెట్టులో నాది కాంటా దగ్గర పని. హమాలీలు టమాటా డబ్బా ఎత్తి పెడతారు, నేను బరువు చూసి చెబుతాను. పొద్దంతా నా నోట వచ్చేవి అంకెలే. అందుకే ఆ రోజు కాంటా మీద ఎవరో ఒక పత్రిక పెట్టి, "దీని బరువెంత తమ్మీ?" అని అడిగితే, పక్క దుకాణం వాడు ఎగతాళి చేస్తున్నాడనుకొని తలెత్తలేదు.

తరువాత చెప్పులు చూశాను. తోలు చెప్పులు. మార్కెట్టు బురదలో నుంచి నడిచి వచ్చినా మీద మచ్చ లేదు. మనుషులు జరిగి పొడి దారి వదిలితే తప్ప అట్లా రావడం కుదరదు. చుట్టూ హమాలీల కేకలు ఆగిపోయిన సంగతి కూడా అప్పుడే తెలిసింది.

పైల్వాన్. ఆయనకు వేరే పేరు ఉండే ఉంటుంది. ఎవరూ పిలవగా నేను వినలేదు. జల్‌పల్లి దిక్కు కొత్త కాలనీలు లేస్తున్న రోజులు అవి. ఏ ఖాళీ ప్లాటు ముందు ఆయన జీపు ఆగితే, ఆ ప్లాటుకు ఇంకొక యజమాని పుట్టుకొచ్చేవాడు.

"చదువు," అన్నాడు.

అది ఉప్పుగూడలో అంజన్ నడిపే వారపత్రిక. నాలుగు పేజీలు. కిరాణా కొట్లలో, మంగలి షాపుల్లో ఊరికే పెట్టిపోతారు, జనం ఇళ్ళకు పట్టుకుపోతారు. మూడో పేజీలో చుట్టూ గీత కొట్టిన పెట్టెలో ఇట్లా ఉంది:

"మన ప్లాట్ల వారందరికీ తెలియజేయునది. నేను తెల్లవారుజామున మార్కెట్టుకు పోవునప్పుడు ఆగమ్మ ప్లాటు దగ్గర జీపు ఆగి ఉన్నది. జీపు మన్ను రంగుది. వెనక చక్రము మీద గుడ్డ కట్టి ఉన్నది. నలుగురు మనుషులు హద్దురాళ్ళు పెకిలించి, బర్రెల కొట్టం వైపు జరిపి పాతినారు. పాతిన చోట నీళ్ళు పోసి తొక్కినారు. పైల్వాన్ జీపులో కూర్చొని చాయ్ తాగుచుండెను. మీ మీ రాళ్ళు వచ్చి చూసుకొనగలరు. ఇట్లు, ఎల్లప్ప, తండ్రి నర్సప్ప, ఆగమ్మ ప్లాటు పక్క ఇల్లు, జల్‌పల్లి."

నా మాటలే. ఒక్క అక్షరం అటు ఇటు కాలేదు. కానీ వాటిని నేను ఏ పత్రికకూ ఇవ్వలేదు.

"నీదేనా?" అన్నాడు పైల్వాన్.

పత్రికను మళ్ళీ కాంటా పళ్ళెంలో పెట్టాను.

"పేరు నీదే. మీ బాపు పేరు గూడ ఉంది. ఇంటి గుర్తు గూడ ఇచ్చినవ్. మంచిగ రాసినవ్ తమ్మీ. గా చాయ్ సంగతి ఎందుకు రాసినవ్? నాకు షుగరుంది. ఇంట్ల చాయ్ బంద్. అది చదివిచ్చుకొని మా ఇంట్ల పొద్దట్నుంచి లొల్లి."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడు గనక హమాలీలు నవ్వారు. నా ముఖం కూడా నవ్వింది. నేను మాత్రం కాంటా పళ్ళెం గొలుసు గట్టిగా పట్టుకొని ఉన్నాను.

"దేఖో, మాట నీదైతే దాని మీద హక్కు గూడ నీదే గదా. నేను ఒద్దంటనా? నీ మాట నువ్వు వాపస్ తీస్కో. మన దిక్కు ఎన్ని పేపర్లు పంచిన్రో ఇంటింటికి పోయి జమ చెయ్. రేపు పొద్దుగూకె యాళ్లకు పహాడీషరీఫ్ రోడ్డు మీద హోటల్ కాడికి పట్టుకరా. ఒక్కటి గూడ బయట ఉండొద్దు."

వెళ్ళబోతూ ఆగాడు.

"మీ ఆడమనిషి ఉప్పుగూడ స్టేషన్ కాడ దిగుతది గదా, కుట్టు పనికి. నీలం సంచి. సంచి గుండీ ఊడింది, కుట్టుకొమ్మను. ఏమన్న పడిపోతది."

ఆ గుండీ ముందురోజే ఊడింది. చూసేది నేనొక్కడినే అనుకుంటూ బతికాను ఇన్నాళ్ళూ. మమ్మల్ని చూసే కళ్ళు కూడా ఉన్నాయని అప్పుడు అర్థమైంది.

* * *

ఆ మాటలు నేను చెప్పింది ఒక గదిలో, ఒక మనిషికి.

మా కాలనీలో ప్లాట్లు కొన్నవాళ్ళలో సగం మంది ఇక్కడ ఉండరు. వాళ్ళ కోసం శ్రీవత్స నెట్‌లో ఒక గోడలాంటిది పెట్టాడు. ప్లాటున్నవాళ్ళే దాని మీద రాయాలి, వాళ్ళే చదవాలి. శ్రీవత్స కంప్యూటర్ ఉద్యోగి. వాళ్ళది కోస్తా, నాన్న వెంకట్రావుగారు సర్కారు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. మా కాలనీలో ప్లాటు కొన్నా ఉప్పుగూడలోనే ఉంటారు.

ఆగమ్మ బర్రెలు పెట్టుకొని పాలు పోసుకునే ముసలామె. మా గోడ పక్కనే ఆమె ప్లాటు, అందులో కొట్టం, కొట్టంలో ఆమె మంచం. రాళ్ళు జరిగాక ప్లాటులో సగం పోయింది. ఆమె మండల ఆఫీసుకు పోతే, ఎవరన్నా చూశారా అని అడిగారట. ఎవరూ చూడలేదని చెప్పి వచ్చింది. ఆ మాట మా వాకిట్లో నిలబడి నా భార్య కళావతితో అంటుంటే, నేను లోపల అన్నం తింటూ విన్నాను. కంచం పక్కకు జరిపాను.

ప్లాట్లవాళ్ళంతా వచ్చి తమ రాళ్ళు చూసుకుంటే ఆగమ్మకు నలుగురు తోడు దొరుకుతారనుకున్నాను. శ్రీవత్స ఇంటికి పోయి నిలబడి చెప్పాను, అతను నేను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టాడు. కింద పేరు చాలండీ అన్నాడు. మా ఊరి బడిలో సారు ఉత్తరం నేర్పేటప్పుడు, తండ్రి పేరూ ఊరి పేరూ లేకుండా రాస్తే అది ఆకాశరామన్న ఉత్తరం, రాసినవాడు మనిషి కాడు అని బెత్తంతో చెప్పాడు. అందుకని అన్నీ వేయించాను. మా నలుగురి మధ్య మాటే కదా అనుకున్నాను.

ఇప్పుడు ఆ పేర్ల తోక పట్టుకొనే పైల్వాన్ నా కాంటా దాకా వచ్చాడు.

* * *

అంజన్ షట్టరు సగం దించి పెట్టుకున్నాడు. వంగి లోపలికి పోయాను. పత్రికకు రాసేదీ, టైపు కొట్టేదీ, అచ్చుకు పట్టుకుపోయేదీ అతనొక్కడే. నన్ను చూసి లేచి, షట్టరు పూర్తిగా దించాడు.

"నీకాడికి గూడ వచ్చిండా?" అన్నాడు.

తల ఊపాను. పత్రిక తీసి పెట్టె మీద వేలు పెట్టాను.

"నాకు గూడ గాడ ప్లాటుంది గదా, గోడ మీద చూసి, శ్రీవత్సను అడిగే వేసిన ఎల్లప్పన్నా. గా గోడ కింద ఆయన రూలు రాసిండు, చూసినవా? 'ఇక్కడ రాసినది రాసినవారి సొత్తు. వారి పేరు వేయకుండా వేరేచోట వాడరాదు' అని. సరే, పేరేస్తనన్న. పేరేస్తె ఫికర్ లేదన్నడు. పెద్ద పత్రికలోళ్ళు మావి ఎత్తుకపోయి పేరు గూడ ఎయ్యరు. నేను దొంగను గాదని, నీది ఒక్క ముక్క కొయ్యలే. మీ బాపు పేరుతో సహా కొట్టిన. నా చేతులతోని."

"నన్నడగాలె గదా."

"పేరేసిన గదనే!"

అతను నిజంగానే బాధపడ్డాడు. నా పేరు పెద్ద అక్షరాల్లో వేయడం నాకు చేసిన మర్యాద అనుకున్నాడు. ఒకరి కోడిని పట్టుకుపోయి వండి, ఇది ఫలానావాళ్ళ కోడి అని ఊరంతా చాటితే సరిపోతుందా? అంజన్ షట్టరు గొళ్ళెం మళ్ళీ చూసుకొని వచ్చాడు.

"నిన్న ఆయన మనిషొకడు వచ్చి గీ కుర్చీల కూసున్నడు," అన్నాడు. "ఒక్క మాట అనలే. గోడకున్న మా పిల్లల ఫోటో దిక్కు చూసుకుంట కూసున్నడు. నేను టైపు కొట్టుకుంటున్నట్టు నటిస్తున్న. ఏం కొట్టిననో నాకే తెల్వది. పొయ్యేటప్పుడు షట్టరుకు నూనె పెట్టిచ్చుకో, జామయితే లోపలోళ్ళు బయటికి రారు అని చెప్పిపోయిండు."

మిగిలిన కట్ట నా చేతిలో పెట్టాడు. ఎక్కడెక్కడ పెట్టాడో దుకాణాల పేర్లు చెప్పాడు. వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"వాపస్ తెచ్చుడు అయితదానే? అచ్చయినంక వాపస్ వచ్చుడు నేనెన్నడు చూడలే."

* * *

శ్రీవత్స ఇంట్లో వెంకట్రావుగారు వరండాలో కూర్చొని ఉన్నారు. ఏ పత్రిక వచ్చినా మడత చెడకుండా దాచే అలవాటు ఆయనది.

"ఎల్లప్పగారూ, రండి రండి! మీ రచన చూశాను. 'చాయ్ తాగుచుండెను.' ఆహా! ఈ రోజుల్లో ఎవరు రాస్తున్నారండీ ఇట్లా."

"ఆ పేపరు గావాలె సార్."

"మీ కాపీ మీకు రాలేదా?"

"మీది గావాలె. అన్నీ గావాలె."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. "అదెట్లాగండీ? మాటలు మీవి, ఒప్పుకుంటాను. కానీ కాగితం నాది. నా ఇంటికొచ్చిన కాగితాన్ని ఇమ్మని అడిగే హక్కు చట్టప్రకారం మీకు లేదు. పుస్తకం కొన్నాక రాసినాయన వచ్చి అడిగితే ఇచ్చేస్తామా? ఆఫీసులో నేను..."

"పైల్వాన్ తెమ్మన్నడు సార్."

ఆయన మాట మధ్యలో తెగింది. లేచి లోపలికి వెళ్ళారు. అంత వయసులో అంత త్వరగా నడవగలరని నేను అనుకోలేదు. పత్రిక తెచ్చి నా చేతిలో కాదు, నా సంచిలోనే పెట్టారు.

"నేను ఇంకా చదవలేదని చెప్పండి," అన్నారు.

నా మాటల కింద అంతటా ఎర్ర పెన్సిల్ గీతలున్నాయి.

శ్రీవత్స తలుపు దగ్గరే నిలబడి ఇదంతా విన్నాడు. నన్ను గదిలోకి పిలిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద నా మాటలు కనిపించాయి. ఏదో నొక్కాడు. అవి పోయాయి.

"తీసేశానండీ. ఇక్కడ లేదిప్పుడు."

"చదివినోళ్ళ కాడ?"

"గోడ మీద ఏది పెట్టినా అందరికీ మెయిల్లో కూడా వెళ్ళిపోతుందండీ. అవి వాళ్ళ పెట్టెల్లో ఉంటాయి. నేను తీయలేను."

"వాళ్ళు ఇంకొకలకు పంపితె?"

తెర మీద, నా మాటలు పోయిన ఖాళీ జాగా కింద, అతను రాసిన రూలు అట్లాగే ఉంది. దాన్ని చూశాడు.

"మీ పేరు వేయాలండీ. వేయకుండా..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మీ మాట ఎవరో తమదని చెప్పుకోకూడదని రాశాను. అడగాలి అని రాయాలని తట్టలేదండీ. అంజన్ గారు అడిగితే నేను సరేనన్నాను. సరేననడానికి నేనెవరిని?"

పైల్వాన్‌కు ఆ మెయిల్ పెట్టెల సంగతి తెలియకపోతే బాగుండునని మాత్రం అనుకుంటూ బయటికి వచ్చాను.

* * *

జల్‌పల్లికి వచ్చి దుకాణం దుకాణం తిరిగాను. మంగలి షాపులో నా మాటల మీద గడ్డం నురగ ఉంది. మంగలి దాన్ని తుడిచి ఇచ్చాడు. మిర్చి బజ్జీల బండి దగ్గర ఉన్నవన్నీ అప్పటికే చింపేశారు. బజ్జీల ఆమె కాల్వ పక్క చూపించింది. వంగి నూనె కాగితాలు ఏరాను. ఒక ముక్క మీద 'నర్సప్ప' అని ఉంది. మా బాపు పోయి చాలా ఏళ్ళయింది. చొక్కాకు తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

మొదటి గల్లీలో నేను అడిగితే ఇచ్చారు. రెండో గల్లీలో ఎందుకని అడగకుండా ఇచ్చారు. మూడో గల్లీకి పోయేసరికి ఆడవాళ్ళు గడపల ముందే పత్రికలు పట్టుకొని నిలబడి ఉన్నారు. నేను రాకముందే పైల్వాన్ పేరు వచ్చేసింది. చెయ్యి చాపి ఇచ్చారు గానీ ఒక్కరు నా ముఖం చూడలేదు. ఇన్నాళ్ళు పొద్దున్నే పలకరించినవాళ్ళు. ఒకాయన ప్లాస్టిక్ కవర్‌లో బూడిద కట్టి తెచ్చాడు.

"కాలబెట్టినం అన్నా. గిదన్న చూపెట్టు. మా ఇంట్ల లేదని చెప్పు, జర."

బూడిద కూడా సంచిలో వేసుకున్నాను.

ఇంట్లో కళావతి నీలం సంచికి గుండీ కుడుతోంది. నేను చెప్పకముందే ఎవరో చెప్పారు. సూది చీరకు గుచ్చి లేచింది.

"ఇంట్ల రెండు మాటలు మాట్లాడవు. ఉప్పు తక్కువైతే గూడ చెప్పవు. పోయి పోయి పేపర్ల మాట్లాడినవా?"

"పేపర్ల మాట్లాడలే. శ్రీవత్స ఇంట్ల మాట్లాడిన."

"మా ఊరికి పోదాం పా. నాలుగు దినాలు ఉండొద్దాం."

"పోతె రాళ్ళు మన దిక్కు గూడ జరుగుతయి."

ఆమె గోడ వైపు చూసింది. గోడ అవతల బర్రె మెడలో గంట వినిపిస్తోంది.

"ఆగమ్మ కాడ పేపరొకటి ఉంది," అంది మెల్లగా. "పాల కవర్ల చుట్టి తలకింద పెట్టుకుంటది. చదవరాదు, ఏం రాదు, నీ పేరు మీద వేలు పెట్టి నాకు చూపిచ్చింది. గీడ ఉన్నడు మన ఎల్లప్ప అని. ఆఫీసుల అడిగితె గిది చూపెడత అన్నది."

ఇద్దరం కూర్చున్నాం. ఆ గంట మోగినప్పుడల్లా కళావతి గుండీని లాగి చూసింది. అది ఊడలేదు. ఐనా లాగి చూస్తూనే ఉంది.

* * *

మరునాడు మార్కెట్టుకు పోలేదు. ఆగమ్మ దగ్గరికి పోవడానికి పొద్దున బయలుదేరి, మధ్యాహ్నం దాకా మా గోడ దాటలేకపోయాను. పోయేసరికి ఆమె పాలు పిండుతోంది. నా సంచి చూసింది.

"నా దానికోసమేనా బిడ్డ?"

తల ఊపాను.

"దిండు కింద ఉంది, తీస్కో."

నేను కదలలేదు. ఆమె ఏడిస్తే ఏం చెప్పాలో, తిడితే ఏం చెప్పాలో రాత్రంతా అనుకొని పెట్టుకున్నాను. ఇట్లా ఇచ్చేస్తే ఏం చెప్పాలో అనుకోలేదు.

"ఆఫీసుల చూపెట్టాలంటివి గద అవ్వా."

"నీ మాటనాయె. నీదానిని నేను కుదువ పెట్టుకుంటనా?" బర్రె పొదుగు మీద నీళ్ళు చల్లింది. "ఇగ నాకు దానితోని పని లేదు. పాలు పోసిన ప్రతి ఇంట్ల చదివిచ్చుకున్న. నోటికొచ్చింది."

పిండుకుంటూనే మొదలుపెట్టింది. పాలధార చెంబులో పడే చప్పుడుకు సరిగ్గా, నాట్లు వేసేటప్పటి పాట పాడినట్టు, మన ప్లాట్ల వారందరికీ తెలియజేయునది అని. నా మాటలు. నేను శ్రీవత్స ఇంట్లో నిలబడి తడుముకుంటూ చెప్పినవి ఆమె నోట తడుముకోకుండా వస్తున్నాయి. దిండు కింది కాగితమైతే తీసి సంచిలో వేసుకున్నాను. దీన్ని ఏ సంచిలో వేసుకోవాలి?

"అవ్వా," అన్నాను, "ఇయ్యాల హోటలుకు పాలు పొయ్యకు."

"ఎందుకు?"

"ఆయన ఉంటడు ఆడ."

"ఆయన ఉన్నడని బర్రె పాలు ఆపుకుంటదా?" అంది.

* * *

హోటల్ బయట జీపు ఉంది. వెనక చక్రం మీద గుడ్డ లేదు. పైల్వాన్ లోపల బెంచీ మీద కూర్చున్నాడు. ముందు ఖాళీ గ్లాసు. రోడ్డు వైపు బల్లల దగ్గర నలుగురైదుగురు ఉన్నారు గానీ ఎవరూ మాట్లాడడం లేదు. ఇరానీ హోటల్‌లో సాసర్ల చప్పుడు అంత తక్కువగా నేనెప్పుడూ వినలేదు.

సంచి బల్ల మీద బోర్లించాను. ఆయన ఒక్కొక్కటి తిప్పి చూశాడు. నూనె కాగితాలు వేలికొసతో పక్కకు నెట్టాడు. కవర్ ఎత్తి పట్టుకున్నాడు.

"గిదేంది?"

"బూడిద. కాలబెట్టిన్రు."

ఆయన కడుపు పట్టుకొని నవ్వాడు. "వాహ్! నేను కాలబెట్టమన్ననా? మస్తున్నరు మీ కాలనీ వాళ్ళు." నవ్వు ఆపి, "అన్నీ వచ్చినయా?"

"కాయితాలు వచ్చినయి," అన్నాను.

అప్పుడే ఆగమ్మ పాల క్యాను నడుం మీద పెట్టుకొని వచ్చింది. నా వైపు చూడలేదు. గిన్నెలో పాలు పోయసాగింది. ఆమె తొందరగా పోసి వెళ్ళిపోవాలని నేను మొక్కుకోని దేవుడు లేడు. పాలు సన్నగా, ఎంతకూ తెగకుండా పడుతున్నాయి.

"క్యా అవ్వా," అన్నాడు పైల్వాన్. "నీ కాడ గూడ ఒకటి ఉండె గదా. ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"షాబాష్. చదవరాని ముసల్దానికి పేపరెందుకు? బర్రెకు పెడతవా?"

ఆగమ్మ క్యాను కింద పెట్టింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుంది.

"చదవనీకి రాదయ్యా. విననీకి వస్తది," అంది. అక్కడే నిలబడి మొదలుపెట్టింది.

"మన ప్లాట్ల వారందరికీ తెలియజేయునది. నేను తెల్లవారుజామున మార్కెట్టుకు పోవునప్పుడు ఆగమ్మ ప్లాటు దగ్గర జీపు ఆగి ఉన్నది. తెల్ల జీపు. నలుగురు మనుషులు హద్దురాళ్ళు పెకిలించి, బర్రెల కొట్టం వైపు జరిపి పాతినారు. పాతిన చోట నీళ్ళు పోసి తొక్కినారు..."

గల్లా దగ్గరి ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఒకాయన గ్లాసు పెదవి దగ్గరే ఆపి ఉంచాడు. పైల్వాన్ చాయ్ తాగుచుండెను అన్నచోట ఎవరో ముక్కుతో నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. పైల్వాన్ ఆ దగ్గు వచ్చిన దిక్కు చూశాడు. నాకు కళావతి సంచి కళ్ళముందుకు వచ్చింది, స్టేషన్ మెట్లు వచ్చాయి. ఆగిపో అవ్వా అని లోపల అరుస్తున్నాను. ఇంకొక్క ముక్క దాటితే నా పేరు.

"మీ మీ రాళ్ళు వచ్చి చూసుకొనగలరు," అంది ఆగమ్మ. అక్కడ ఆగిపోయింది.

"ఇగ?" అన్నాడు పైల్వాన్. "ఇంత యాదికుంది. కింద పేరేంది?"

"యాదికి లేదు."

"ఎవరు చూసిన్రు మరి?"

"యాదికి లేదంటున్న గదయ్యా. ముసల్దాన్ని."

కొట్టంలో పిండుతూ చెప్పినప్పుడు మా బాపు పేరుతో సహా చెప్పింది. నాకు తెలుసు. పైల్వాన్ ఆమెను వదిలి నా వైపు తిరిగాడు. ఆయన ఏమీ అడగలేదు. ఊరుకుంటే అయిపోయేది. ఆమె చెప్పినది ఎవరూ చూడనిది, ఎవరూ రాయనిది, ఒక ముసలామె పాట అయిపోయేది. నేను ఇంటికి పోయేవాడిని.

బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎల్లప్ప," అన్నాను. వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. "ఎల్లప్ప. తండ్రి నర్సప్ప. ఆగమ్మ ప్లాటు పక్క ఇల్లు. నేనే చూసిన."

హోటల్‌లో ఒక కుర్చీ వెనక్కి జరిగింది. గ్లాసు ఆపుకున్న ఆయన దాన్ని బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు లేవలేదు. అది ధైర్యమో, లేవడానికి భయమో నాకు తెలియదు. తలలు వంచుకొని కూర్చున్నారు, కానీ కూర్చున్నారు.

పైల్వాన్ వాళ్ళందరినీ ఒకసారి చూశాడు. తరువాత కాగితాల కుప్పను చేత్తో నా వైపు తోశాడు.

"బజ్జీలకు పనికొస్తయి, ఉంచుకో," అన్నాడు. నవ్వలేదు. "మార్కెట్ల అడిగిన నీ గురించి. మస్తు తక్కువ మాట్లాడుతడు అన్నరు. పరేషాన్ చేసిన్రు నన్ను, తప్పు చెప్పి."

నా భుజం మీద చెయ్యి వేసి, ఆ బరువు అట్లాగే ఉంచి, డ్రైవర్ జీపు స్టార్ట్ చేసేదాకా నిలబడ్డాడు. "మల్ల కలుద్దాం తమ్మీ," అన్నాడు. జీపు మా ఇంటి దిక్కు కాకుండా పట్నం దిక్కు పోయింది. ఈ రోజుకు.

* * *

పొద్దుగుంకింది. నేనూ ఆగమ్మా రోడ్డు అంచున నడిచి వస్తున్నాం. ఖాళీ క్యాను ఆమె చేతిలో చప్పుడు చేస్తోంది. క్యాను నేను తీసుకున్నాను. ఇప్పుడు నా చేతిలో చప్పుడు చేస్తోంది.

"సోమవారం ఆఫీసుకు పోదాం అవ్వా. నేనొస్త."

"వస్తవా?"

"పేరు చెప్పినంక రాకుండ ఎట్లుంట?"

వెనక నుంచి బండి వెలుతురు పడింది. ఇద్దరం ఒకేసారి రోడ్డు దిగి ముళ్ళకంపలోకి జరిగాం. నీళ్ళ ట్యాంకరు. అది పోయి, దాని చప్పుడు కూడా పోయేదాకా అక్కడే నిలబడ్డాం. ఆమె నా చొక్కా చివర పట్టుకొని ఉంది.

"అవ్వా," అన్నాను. "ఒకచోట తప్పు చెప్పినవు."

"ఏడ?"

"జీపు తెల్లది కాదు. మన్ను రంగుది."

"నేను తెల్లదన్ననా?"

"అన్నవ్. చక్రం మీద గుడ్డ సంగతి ఇడిసిపెట్టినవ్. ఆఫీసుల గట్ల చెప్తె పట్టుకుంటరు."

ఆమె చీరకు పట్టుకున్న ముళ్ళు విడిపించుకుంది.

"మొదటి సంది చెప్పు బిడ్డ," అంది. "మెల్లగ చెప్పు."